పాటకు ముందు నాలుగు దెబ్బలు

ఎస్పనోలా,
నవంబర్ 4, 1986

ప్రియమైన వెయికోకి,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను. పొంగిపోకు.

నిన్న ఫోను చేస్తే "ఏంటీ? ఏంటీ?" అని అరిచి టక్కున పెట్టేశావు. అక్కతో మాట్లాడే తీరు ఇదేనా? నా డ్రమ్ముల సీట్లో డారిల్‌ అనేవాణ్ణి కూర్చోబెట్టావని లూసియెన్‌ చెప్తే తెలిసింది. బేసు గిటారు వాయించుకునే లూసియెన్‌కి ఉన్న సిగ్గు తోడబుట్టినవాడికి లేకపోయింది. మంచు రోడ్డు మీద దుప్పి అడ్డం వచ్చి కారు బోల్తాపడితే నా ఎడమ చెయ్యి పోయింది గానీ, నేను పోలేదు. నికెల్ డాగ్స్‌ బ్యాండు పెట్టింది మనిద్దరం. నాన్న ఆవిరి స్నానాల సానా గదిలో బకెట్లు బోర్లించి వాయించిన రోజుల నుంచీ ఆ సీటు నాది.

ఏడాదిగా ఎడమ చేతి పనంతా ఎడమ కాలికి నేర్పుతున్నాను. దాని కింద ఇప్పుడు మూడు పెడళ్లు. కింది వాటా ముసలావిడ చీపురుకర్రతో పైకప్పు పొడవని రోజు లేదు. ఆవిడ విన్నంత కూడా నువ్వు వినలేదు. రెండు చేతులూ ఉన్నవాడివి కదా, శుభ్రంగా దులుపుకున్నావు.

మీ అక్క,
ఐలా

సడ్‌బరీ,
నవంబర్ 10

ప్రియమైన అక్కకి,

ఇక ఫోను చెయ్యకు. చెప్పాల్సింది ఉంటే రాయి. ఫోనులో నీ గొంతు నాకు పడదు.

డారిల్‌ని పెట్టింది నేనే. ఇందులో దాచడానికేముంది? డిసెంబర్‌లో మాజీ సైనికుల లీజియన్ హాల్లో మన కచేరీ ఉంది. బ్యాండు ధర్మసత్రం కాదు. జనం పాట వినడానికి రావాలా, నిన్ను చూసి "అయ్యో పాపం" అనడానికి రావాలా?

అంత పంతంగా ఉంటే ఆదివారం ప్రాక్టీసుకు రా. మూడు పాటలు వాయించు. బాగాలేకపోతే మొహం మీదే చెప్తాను, అప్పుడు ఏడవకూడదు.

వెయికో

ఎస్పనోలా,
నవంబర్ 17

ఒరేయ్ వెయికో,

ప్రియమైన అన్న మాట ఈ ఉత్తరంలో లేదు, వెతుక్కోకు.

మొదటి పాటకి పెడల్ తొక్కి సింబల్స్ పళ్లేలు రెండూ తాటించి, అందరూ ఒక్కసారే ఎత్తుకోవడానికి చిక్, చిక్, చిక్, చిక్ అని లెక్క ఇచ్చాను. లూసియెన్ సరిగ్గా అందుకున్నాడు. నువ్వు మాత్రం దిక్కులు చూస్తూ నిలబడి, మేం మొదలెట్టేశాక మధ్యలో దూకావు. పైగా గిటారు ఆపేసి "ఎక్కడే నీ లెక్క? నిద్రపోతున్నావా?" అని నా మీద విరుచుకుపడ్డావు. రెండో పాటకీ అదే గొడవ, మూడోదానికీ అదే. పాపం లూసియెన్ "ఇచ్చింది గదరా, నేను విన్నాగా" అంటే "నువ్వు నోర్ముయ్" అన్నావు.

నన్ను తప్పించడానికి నీ పాట నువ్వే పాడుచేసుకునేంత నీచానికి దిగజారావన్నమాట. తోడబుట్టినవాడివి కాకపోతే స్టిక్కు నీ నెత్తిన విరిచేదాన్ని. మిగిలింది ఒక్క చెయ్యే అయినా దానికి బలం బాగానే ఉంది.

ఐలా

సడ్‌బరీ,
నవంబర్ 24

ప్రియమైన ఐలాకి,

నువ్వు లెక్క ఇవ్వలేదు. ఇచ్చాననుకుంటున్నావు, అంతే. నిన్ను చూసి జాలిపడి లూసియెన్ వంతపాడుతున్నాడు. నీ సింబల్స్ మోత తడిగుడ్డ విదిలించినట్టుంది. ఇదివరకు రెండు స్టిక్కులూ నెత్తి మీదికెత్తి టకటకమని కొట్టేదానివి, హాలు చివర కూర్చున్నవాడికి కూడా తెలిసేది. ఆ ఐలా ఇప్పుడు లేదు.

ఆరో తారీఖు శనివారం డారిలే వాయిస్తాడు. నువ్వు రావద్దు. వచ్చి అందరి ముందూ నన్ను దోషిని చెయ్యొద్దు. నువ్విక పనికిరావు. ఎవరో ఒకరు చెప్పాలి, నేను చెప్తున్నాను.

వెయికో

ఎస్పనోలా,
డిసెంబర్ 8

ప్రియమైన వెయికోకి,

రావద్దన్నావు కాబట్టి వచ్చాను. హాల్లో వెనకాల, కోట్లు తగిలించే చోట నిలబడ్డాను. నువ్వు బోర్లాపడితే చూసి సంతోషిద్దామనే వచ్చాను.

ప్రతి పాటకు ముందూ నువ్వు వెనక్కి తిరిగి డారిల్ చేతులకేసి చూశావు. వాడు స్టిక్కులెత్తి కొడితేనే అందుకున్నావు. ఆఖరి పాటకి వాడు కూడా నాలాగే ఊరికే పెడల్ తొక్కి లెక్క ఇచ్చాడు. చివరున్న నాకు వినిపించింది. వాడికి మూరెడు దూరంలో నువ్వు జనం వైపు నవ్వుతూ నిలబడ్డావు. పెద్ద డ్రమ్ము మోగాక ఉలిక్కిపడి అందుకున్నావు. 

బరువైన చప్పుడు నీకు అందుతోంది. సన్నది అందడం లేదు. సింబల్స్ అందడం లేదు, ఫోనులో నా గొంతూ అందడం లేదు. నీ చెవులు పోతున్నాయిరా. ఎన్నాళ్లయింది? డారిల్‌ని తెచ్చుకున్నది కూడా వాడికి ఎత్తి చూపించడానికి రెండు స్టిక్కులున్నాయనే కదా?

జాలిపడుతున్నానని అనుకోకు. కోపంతో రాస్తున్నాను, కాగితం చిరిగేట్టుంది. "అక్కా, నాకు వినిపించడం లేదు" అని ఒక్క ముక్క రాయలేక, తప్పు నాదేనని నన్ను నమ్మించబోయావు. కొన్ని రోజులు నమ్మాను కూడా. పెడల్ మీద కాలు పెట్టడానికి భయపడ్డాను. దాన్ని మాత్రం క్షమించను.

డారిల్‌ని పంపించెయ్. కొత్త సంవత్సరం కచేరీకి నేను కూర్చుంటాను. పాటకు ముందు స్టిక్కు పైకెత్తి నాలుగుసార్లు దించుతాను, చూసి అందుకో. ఈలోగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. లూసియెన్‌కి నువ్వే చెప్పుకో.

నేను చెప్పను. "వీడిక పనికిరాడు" అని నేనొక్కసారి అంటే చాలు, నీ పని అయిపోతుంది. శనివారం బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట నోట్లోనే ఉంది. కానీ అది పడ్డదాన్ని నేను. నీ మీద విసరడానికి నోరు రాలేదు.

నీ డ్రమ్మరు,
ఐలా