చాలని ఎర్ర డబ్బా

పుష్య బహుళ తదియ, రాత్రి

కొత్త గీజరు పెద్దది. వేడికి ఉబ్బే నీటికి చోటిచ్చే ఎర్ర డబ్బా మాత్రం పాత చిన్నదే. మిగిలిన నీరు సేఫ్టీ వాల్వు నుండి చుక్కలుగా కారేది. నీరు కారే ఇంట లక్ష్మి నిలువదని నా అర్ధాంగి దానికి బిరడా బిగింపించింది. ఈ ఉదయం నా స్నానానికి నీళ్లు కాచబోతే, ఉబ్బిన నీటికి దారి లేక గొట్టం పగిలి, ఆమె కుడిచేయి కాలింది.

"అమ్మా, పెద్ద డబ్బా రేపు తెస్త. అందాంక చుక్కలు కారనియ్యున్రి," అన్నాడు ప్లంబరు.

"లక్ష్మి పోతాంటె చూసుకుంట కూసోవాల్నా?" అని ఆమె పడక మీది నుండే కసిరింది.

వేళ్లు మునుపటివలె వంగుతాయో లేదో వైద్యుడు చెప్పలేదు. రేపు చన్నీళ్లే పోసుకుంటాను. సంధ్యవేళ అర్ఘ్యం విడువగా నా దోసిట నుండి జారే నీటి చప్పుడు విని ఆమె ఏమనుకుంటుందో...