సాకు అన్న మాట

జహీరాబాద్,
పార్థివ సంవత్సరం, పుష్య శుద్ధ పంచమి, మంగళవారం,
8 జనవరి 1946.

వియ్యంకులు, బావగారు చెన్నబసప్ప గారికి, జహీరాబాద్ అల్లం సంగప్ప రెండు చేతులూ జోడించి రాసుకున్న శరణార్థులు. మీ ఇంటావిడ శరణమ్మ చెల్లెకు, అల్లుడు బసవరాజ్‌కు కూడా శరణార్థులు. నేను బాగానే ఉన్నాను. మనవరాలు దేవమ్మ ఒంట్లో బాగానే ఉంది. మిగతాది కింద రాస్తాను.

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. ఊరి బడిలో నాలుగో పుస్తకం దాకా చదివాను. మీది కన్నడం చదువు. అయినా మన రెండు లిపులూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తలకట్టు దగ్గర కాస్త తేడా. కూడబలుక్కుంటే మీకు అందుతుంది. అందని చోట మీ బీదర్ స్టేషన్‌లో ఎవరినీ అడగకండి. ఇది మన ఇంటి సంగతి.

పోయిన గురువారం, ఎళ్ళ అమాస నాడు, మీ చేనులో పండుగ భోజనాల బంతి నడుస్తుండగా పిల్ల చెయ్యి పట్టుకుని లేచి వచ్చాను. ఎందుకని మీరు అడగలేదు. సగం మీరు చూసిందే. అయినా మొదటి నుంచి వస్తే గానీ నాకు చెప్పడం రాదు.

నా కూతురు బసమ్మ మీ ఇంటి కోడలై, దేవమ్మను ఏడాది పిల్లగా వదిలి కన్నుమూసింది. అప్పటి నుంచి ఆరేండ్లుగా పిల్ల నా దగ్గరే ఉంది. నా ఇంట్లో ఆడదిక్కు లేదు. రొట్టె నేనే చేస్తాను, జడ నేనే వేస్తాను. జడ వంకర వస్తుంది. ఈ ఆరేండ్లలో మీరు పిల్లను మాకియ్యమని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఇవ్వనని చెప్పేవాణ్ణి, అక్కడికి తేలిపోయేది. మీరు అడగకపోవడమే నాకు అనుమానం.

ఏటా అమాసకు రమ్మని కబురు పంపేవారు. ఏటా అల్లం తవ్వే పని ఉందని చెప్పేవాణ్ణి. ఈసారి కబురు రాలేదు, అల్లుడే వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉన్నాడా, అంగడి మైదానంలో డేరా ఏసిన్రు, బొమ్మ చూద్దాం నడు మామా అన్నాడు. పుట్టి బుద్ధెరిగి నేను సినిమా చూడలేదు. ఇప్పుడు నాకెందుకు చూపిస్తున్నాడు అనుకున్నాను. కాదనలేక పోయాను. పక్కింటి బట్టల రామ్‌కిషన్ కూడా వెంట వచ్చాడు.

బొమ్మలో రెండు కుటుంబాలు. ఒకరిది బెంగాలు కట్టు, ఒకరిది పంజాబు తలపాగా. మాట ఒకటి కాదు, తిండి ఒకటి కాదు. దీపావళికి అందరూ ఒక ఇంట్లో భోజనానికి కూర్చుంటారు. చుట్టాలుగా వచ్చిన వాళ్లలో తల్లిలేని చిన్న పిల్ల, దాని తాత ఉన్నారు. ఆ ఇంటి ముసలమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని తినిపించింది. తినిపించి, లేచి పోయి, తలుపుకు గడియ పెట్టింది. అక్కడ రీలు తెగింది. ఇంకేముంది, తెల్లగుడ్డ. కంపెనీ వాడు వచ్చి, ఇయ్యాల ఇంతే, రేపు గివే టికెట్ల మీద రాన్రి అన్నాడు. రేపు మేము మీ ఊరికి రైలెక్కాలి. రామ్‌కిషన్ నా చెవిలో, పిల్లను ఇంక పోనియ్యరు చూడు సంగన్నా, లేకుంటే గడియెందుకు పెడ్తది అని నవ్వాడు. అల్లుడు నవ్వలేదు. ఆ నవ్వకపోవడం కూడా నేను గుర్తు పెట్టుకున్నాను.

ఆ గడియను కండ్లలో పెట్టుకునే మీ చేనుకు వచ్చాను.

జొన్నకర్రల గుడిసె, లోపల సున్నం పూసిన ఐదు రాళ్లు, పూజ, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. బంతిలో మీ మరాఠీ మిత్రుడు సదాశివ ఇంటివాళ్లు, పక్క చేను సాయబు గారి ఇంటివాళ్లు, మీరు. మూడు భాషలు ఒక్కసారే. తెలుగు ఇంటివాళ్లం నేనూ పిల్లా మాత్రమే. అందరూ నవ్వేవారు. నేను ఒక ఘడియ ఆగి నవ్వేవాణ్ణి. అది చూసి సదాశివ తెలుగులో, ఏం సంగన్నా, నవ్వుకు సుత తర్జుమా కావాల్నా అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఏమనుకుని నవ్వుతున్నారో అని నేను రొట్టె వైపు చూస్తూ కూర్చున్నాను.

చెల్లె దేవమ్మకు కొత్త లంగా తొడిగింది. అచ్చంగా సరిపోయింది. కొలత ఎవరిచ్చారు? నేనివ్వలేదు. వంగి చూశాను. కింద నాలుగు మడతలు పెట్టి కుట్టారు. పిల్ల ఎదిగినకొద్దీ ఏడాదికొక మడత విప్పుకోవచ్చు. అంటే నాలుగేండ్ల ఏర్పాటు. సాయంత్రం రైలుకు తిరిగిపోయే పిల్లకు నాలుగు మడతలు దేనికి అనుకున్నాను. నేను వేసిన జడ విప్పి, చెల్లె మళ్లీ వేసింది. అది వంకర లేదు.

తర్వాత పిల్లను తీసుకుని గుడిసెలోకి పోయింది. అక్కడే తినిపిస్తానన్నది. నేను బయట మగవాళ్ల వరసలో ఉన్నాను. చూస్తుండగానే లోపలి నుంచి తడిక జరిపి వాకిలికి అడ్డం పెట్టింది. తడిక వెనక నుంచి సాకు, సాకు అన్న మాట వినిపించింది. చెల్లె గొంతే అనుకున్నాను. మా తెలుగులో సాకు అంటే పెంచు అని. పిల్లను ఇక్కడే సాకుదామని మాట్లాడుకుంటున్నారు అనుకున్నాను. లేచి, తడిక పక్కకు నెట్టి, పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

ఇంకా అంబలి కుండ దించలేదు. అంబలి తాగకుండా చుట్టం లేచిపోతే నలుగురిలో మీకు ఎంత చిన్నతనమో నాకు తెలియక కాదు. చెల్లె రొట్టె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మీరు స్టేషన్ దాకా నా వెనకే నడిచారు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి నా ఒళ్లో ఒక మూట పెట్టారు. దాన్ని మూడు రోజులు విప్పలేదు. ఏం కట్టారో, ఎందుకు కట్టారో అని దూలానికి వేలాడదీశాను. విప్పితే సజ్జ రొట్టెలు, నువ్వులు, దేవమ్మ విడిచిన పాత లంగా. దాని చిరుగు ఎవరో కుట్టారు. ఆ చిరుగు నేను చూడనే లేదు.

నిన్న కొత్త లంగా యాదమ్మకు చూపించాను. ఆమె మా వీధిలో బట్టలు కుడుతుంది. మడతల సంగతి అడిగితే, కొలత తెల్వనోళ్లు గట్లనే కుడ్తరే, పొడుగ్గ కుట్టి పిల్లను చూసి పైకి మలుస్తరు, గింత తెల్వదా అన్నది.

రామ్‌కిషన్ ఆ మరునాడే పోయి మిగతా బొమ్మ చూసి వచ్చాడట. ముసలమ్మ గడియ ఎందుకు పెట్టిందని అడిగాను. గాలికి పండుగ దీపాలు ఆరిపోతున్నయని పెట్టింది, అంతే అన్నాడు. మరి పిల్ల? తిన్నది, పండింది, తాత భుజం మీద ఏసుకుని ఇంటికి పోయిండు అన్నాడు. ఇన్ని రోజులు చెప్పలేదేమిరా అంటే, నువ్వు అడిగినవా సంగన్నా అన్నాడు.

మీ గుడిసెలో కూడా ఐదు రాళ్ల ముందు దీపం ఉంది. ఆ రోజు గాలి కూడా ఉంది. ఇప్పుడు గుర్తుకు వస్తున్నది.

దేవమ్మ ఆరు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. జడ వేస్తానంటే తల ఇవ్వదు. చెల్లె వేసిన జడ పూర్తిగా ఊడిపోయింది, అయినా ఇవ్వదు.

సాకు అంటే మీ మాటలో చాలు అని అర్థమట. చెల్లె దేనికో చాలు అంటే నేను మరొక రకంగా విన్నాను. భాష రానివాడి పొరపాటు. పెద్ద మనసుతో మన్నించగలరు.

ఇట్లు,
మీ బావ
అల్లం సంగప్ప, వ్రాలు.

మరొక మాట. ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. పైన ఒక అబద్ధం రాశాను.

ముప్పై ఏండ్లుగా అంగడిలో తక్కెడ పట్టినవాణ్ణి. మీ వైపు వాళ్లు నా దగ్గరే అల్లం కొంటారు. సంచిలో పోస్తుంటే సాకు, సాకు అంటారు, పక్కన కూర్చున్న పిల్ల కూడా వింటుంది. ఆ మాట నాకు తెలియకపోవడం ఏమిటి? తడిక వెనక ఆ మాట అన్నది చెల్లె కూడా కాదు. దేవమ్మ. దాని గొంతు నేను పోల్చుకోనా? రెండు రొట్టెలు తిని, మూడోది వద్దని, సాకు అవ్వా అన్నది. నా ఇంట్లో సగం రొట్టెకే చాలు తాతా అంటుంది. దానికి ఆకలి తక్కువ అనుకునేవాణ్ణి. నాకు నచ్చిన అనుమానాలు ఎన్ని ఉన్నా, లేచింది మాత్రం పిల్ల మీ దగ్గర కడుపు నిండా తిన్నదని విన్నందుకే.

తెలుగులో సాకు అంటే ఇంకొక అర్థం ఉంది. లేని కారణం చూపించడం. అది పైన రాయలేదు. ఆ రోజు నేను చేసింది అదే.

ఈ ముక్క చెల్లెకు చదివి వినిపించండి. ఉగాదికి మేమిద్దరం వస్తాం. ఎన్నాళ్లుంటుందో పిల్లనే అడుగుదాం. గాలి ఉంటే తలుపు పెట్టుకోండి. నేను లేవను.