టైమింగ్ బెల్టు సంగతి

మార్చి 11, మంగళవారం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, కారు సంగతి నీకు తెలిసిందే. నీ క్షేమం అడగక్కర్లేకుండా నీ ఉత్తరమే చెప్పింది: వచ్చే సోమవారం గుండె ఆపరేషన్ అనీ, ఆలోగా అక్కని ఒక్కసారి చూడాలని ఉందనీ. ధైర్యంగా ఉండు. మెకానిక్ చేతికి వెళ్ళిన కారు కంటే డాక్టరు చేతికి వెళ్ళిన మనిషికే ఈ రోజుల్లో భరోసా ఎక్కువ.

ఇక అసలు విషయం. తొమ్మిదేళ్ళ కిందట, నీ పాత కార్ల షెడ్డులో ఆ బూడిదరంగు సెడాన్ నాకు అమ్ముతూ, బానెట్ మీద చెయ్యి వేసి నువ్వన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. “టైమింగ్ బెల్టు కొత్తది వేయించాను బావా. అది తెగితే ఇంజనే పోతుంది, అందుకని ముందే మార్పించా. ఇంకో నాలుగేళ్ళు దాని మొహం చూడక్కర్లేదు.”

ఎనిమిది నెలలు తిరక్కుండానే దాని మొహం చూశాను. నా పదవీ విరమణ సభకి ఒక్కణ్ణే వెళుతుంటే హైవే మధ్యలో బెల్టు తెగింది, వాల్వులన్నీ వంగిపోయాయి. సామ్రాజ్యాలు ఎందుకు కూలుతాయో ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, నలభై పేజీల ప్రసంగం ఒళ్ళో పెట్టుకుని క్రేను డ్రైవరు పక్కన కూర్చుని ఇంటికొచ్చాను. “ఏంటి సార్ అవి, బండి కాగితాలా?” అని అడిగాడు వాడు. అవునన్నాను.

ఆ రోజే మన వాళ్ళందరికీ, మా కాలేజీ వాళ్ళకీ ఫోన్లు చేసి చెప్పాను, నువ్వు నన్ను నిలువునా ముంచావని. నీ దగ్గర కార్లు కొందామనుకున్న లెక్చరర్లు నలుగురూ వెనక్కి తగ్గారు. “మార్చాను బావా, నిజంగా మార్చాను” అని నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. నాలుగోసారి నేను ఎత్తలేదు. అప్పట్నుంచి రెండిళ్ళ మధ్య రాకపోకలే లేవు.

ఇప్పుడు రాశావు: “నిజమే బావా, బెల్టు మార్చలేదు. చేతిలో డబ్బాడక అబద్ధం చెప్పాను. క్షమించి అక్కని పంపు” అని. ఒప్పుకున్నావు కాబట్టి మిగతావీ విను. తొమ్మిదేళ్ళుగా చెప్పుకునే మనిషి లేక కడుపులో పెట్టుకున్నవి.

రెండో ఏడు క్లచ్ ప్లేటు పోయింది. నాలుగో ఏడు ఏసీ కంప్రెసర్ పోయింది. ఆ వేసవంతా మీ అక్క తడితువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుంది. ఎడమవైపు వెనక అద్దం దిగడమే గానీ ఎక్కదు, రెండు అరచేతులూ ఆనించి పైకి లాగాలి. వానొస్తే డిక్కీలో నీళ్ళు నిలుస్తాయి. స్పీడ్ బ్రేకర్ మీద కింద నుంచి టకటకమంటే మెకానిక్ బుష్‌లు అన్నాడు. మార్పించాను. షాకబ్జార్బర్లు అన్నాడు. అవీ మార్పించాను. మళ్ళీ టకటకమంది. “పాత బండి కదా సార్, పలుకుతుంది. మీ మోకాళ్ళు పలకవా?” అన్నాడు. వాడికి డబ్బిచ్చి మరీ ఆ మాట పడ్డాను.

ఆయిల్ సంగతి చెప్పనే లేదు. ఎక్కడ నిలిపినా కింద నల్లటి మరకలు. పక్కింటి ఇన్సూరెన్సు ఏజెంటు, “మీరెక్కడెక్కడికి వెళ్ళారో కనిపెట్టడం తేలిక మాస్టారూ” అని పళ్ళికిలిస్తాడు. వాడిది కొత్త కారు. వాయిదాలు తీరేలోపు అదీ కారుతుంది, చూస్తూ ఉండు. ఏతావాతా కొన్న ధర కంటే వైద్యానికే ఎక్కువైంది. ఎంతని నేను లెక్క రాయలేదు. రాసుంటే సోమవారం నీ పక్క మంచం మీద నేనూ ఉండేవాణ్ణి.

అమ్మేద్దామంటే మీ అక్క ఒప్పుకోదు. యాభై ఏడో ఏట ఈ కారు మీదే డ్రైవింగు నేర్చుకుంది, నా పక్కన కూర్చోవడం కంటే నడపడమే నయమని. నేను కారుని తిడితే, “దాన్ని తిడుతున్నారా, మా తమ్ముణ్ణి తిడుతున్నారా?” అనేది. నువ్వు మోసం చేశావన్న మాట తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. “మా వాడు దుడుకువాడే, కాదనను. అబద్ధాలకోరు మాత్రం కాదు.” అంతే, ఆ తర్వాత వాదన ఉండేది కాదు.

నీ ఉత్తరం నిన్న వంటింట్లో నిలబడి పైకి చదివింది. నువ్వు ఒప్పుకున్న చోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి తనలో తాను చదువుకుంది. మడిచి డబ్బాల వెనక పెట్టి, “అయితే మీరు చెప్పిందే నిజమన్నమాట. ఇన్నాళ్ళూ లోపల్లోపల మిమ్మల్నే అనుమానించాను” అంది. ఇవాళ పొద్దున్న కాఫీ ఇస్తూ కూడా నా మొహం చూడలేదు. గెలిచినవాడి ఇల్లు ఇలా ఉంటుందని నేను చదివిన చరిత్రలో ఎవరూ రాయలేదు.

సరే, క్షమించాను. శనివారం ఆమెని తీసుకొస్తాను.

ఇంతకు మించి రాయడానికి లేదు.

మీ అక్క మొగుడు

తా.క.: సంతకం పెట్టాక గంటసేపు ఈ కాగితాల ముందే కూర్చున్నాను. ఒరేయ్, నువ్వు రాసింది అబద్ధం. బెల్టు మార్చావు. ఇంజను విప్పినప్పుడు బెల్టు కవరు మీద తెల్ల పెయింటుతో మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి ఉన్నాయి. మెకానిక్ చూపించాడు. ఆ రోజు దారిలోనే రేడియేటర్ నీళ్ళు కారిపోయి వేడి ముల్లు ఎర్రగీత దాటింది. నేను చూశాను. సభకి ఆలస్యమవుతుందని ఆపలేదు. ఆ బెల్టే తిప్పే వాటర్ పంపు బిగుసుకుపోయి కొత్త బెల్టుని తెంపేసింది. “అప్పుడే ఆపుంటే అయిపోయేది సార్” అన్నాడు మెకానిక్. అప్పటికే అందరికీ ఫోన్లు చేసేశాను. ఆ రాత తుడిచేసి కవరు బిగించమన్నాను. రెండేళ్ళలో నీ షెడ్డు మూతపడింది.

మీ అక్క నన్ను నమ్మకపోతే తొమ్మిదేళ్ళు సర్దుకున్నాను. నిన్న నమ్మింది. దాంతో మాత్రం సర్దుకోలేకపోతున్నాను.

పై పేజీలు చింపి మర్యాదగా ఇంకోటి రాయొచ్చు. రాయను. కవరు అతికించకుండా, పోస్టు చెయ్యమని మీ అక్క చేతికే ఇస్తున్నాను. చదవకుండా ఆమె ఏ ఉత్తరమూ పోస్టు చెయ్యదు. శనివారం ఇద్దరం వస్తే, నన్ను ఎంత తిడతావో తిట్టు. ఆమె ఒక్కతే నడుపుకుంటూ వస్తే మాత్రం ఏమీ అడక్కు. తిరిగి బయల్దేరేముందు రేడియేటర్లో నీళ్ళు చూసి పంపు.

తిరిగి బయల్దేరితే.