వాయిదాల ఫీజు

ఆదివారం, రాత్రి

పెద్దాయన పొట్ట కొట్టానని అమ్మ మధ్యాహ్నం నుంచీ నాతో మాట్లాడటం లేదు. నాకు జాలి లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు.

పొద్దున చర్చి అయ్యాక ప్లీడరు రత్నంగారు నాన్నను పక్కకు పిలిచారు. "మీ అమ్మాయి ఎరువుల కంపెనీలో లీగల్ డిపార్ట్‌మెంటుకి వచ్చిందని సంబరపడ్డానండి. వచ్చీరాగానే వాయిదాలకిచ్చే ఫీజు తీసేస్తానంటోంది," అన్నారట.

"ఆయన జుట్టు నెరిసింది మీ కంపెనీ కేసుల్లోనేనే! నీకెందుకమ్మా అంత తొందర?" అని నాన్న.

వాయిదా పడిన ప్రతిసారీ ఫీజు ఇస్తూ ఉంటే కేసు ఎప్పటికి తెములుతుంది? ఆయన చేసిన మోసమేమీ లేదు, మొదటినుంచీ ఉన్న పద్ధతే అది. మా మేనేజరైతే ఖర్చు తగ్గాలంటే కాకినాడ ప్లీడర్లందరినీ మాన్పించి, కేసులన్నీ హైదరాబాదు వాళ్లకి ఇచ్చేద్దామన్నారు. కేసుకి ఒకటే ఫీజు, అదీ తీర్పు వచ్చాకే అని రాసి, మేనేజర్ని ఒప్పించింది నేను. అలా అయితేనే రత్నంగారు ఉంటారు. ఆఫీసు సంగతి, ఇంట్లో చెప్పడానికి లేదు.

చర్చి మెట్లు దిగుతూ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "బాగా చదువుకున్నావమ్మా," అన్నారు. మెచ్చుకోలో, దెప్పో... తర్వాత గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. ఈ వయసులో ఫీజు కోసం ఏళ్ల తరబడి తీర్పుదాకా ఆగమంటే...

రేపు ఆ కాగితం మార్చి రాస్తాను. సగం ఫీజు ముందే ఇవ్వాలని మేనేజరుతో వాదిస్తాను. వాయిదాలకి మాత్రం ఇవ్వను.