విచ్చుకోని అంచు

సుశీలా,

నేను కజ్జికాయ అంచు మడిస్తే నూనెలో విచ్చుకుంటుందని కోవెంట్రీలో ఉన్న తెలుగువాళ్ళందరికీ చెప్పావు. పెళ్ళైన కొత్తలో ఒక్కసారి విచ్చుకుంది. దానికి జన్మంతా నన్ను పిండి ముట్టుకోనివ్వలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

నిన్న నీ సంవత్సరీకం. పెరట్లో ఆపిల్స్ రాలి కుళ్ళిపోతుంటే చూడలేక, నువ్వు చేసే ‘ఆపిల్ పై’ ఈసారి నేనే చేశాను. పిండిని చల్లటి వెన్నతో కలిపాను. ముక్కల మీద ఏలకుల పొడి చల్లాను. పైపొర పరిచి, నీలాగే చుట్టూ కజ్జికాయ మడత పెట్టాను. ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంచు ఎక్కడా విచ్చుకోలేదు, చుక్క రసం బయటికి రాలేదు. కార్ల ఫ్యాక్టరీలో అన్నేళ్ళు రేకుల అంచులు మడిచినవాణ్ణి, పిండి మడవలేనా?

రీడింగ్ ఊరి నుంచి వచ్చిన మన సుధ దాన్ని చూసి నిలబడిపోయింది.

"నాన్నా, అమ్మ చేసింది ఫ్రీజర్‌లో ఇంకా ఉందా?"

"నేనే చేశానే."

"నో వే, డాడ్! నీకు టీ పెట్టడమే రాదు!"

అంటూనే రెండు ముక్కలు తింది. మిగతాది డబ్బాలో పెట్టుకుని పోయింది.

వచ్చే శనివారం ప్లమ్స్‌తో చేసిపెట్టమంటోంది. అవి పుల్లటి పళ్ళు. వాటిలో నువ్వు బెల్లం వేసేదానివా, పంచదారా? శుక్రవారం సాయంత్రంలోగా చెప్పు. చెప్పకపోతే బెల్లమే వేస్తాను, తర్వాత నన్ను అనడానికి లేదు.