నూనె రాసుకోని చేతులు

పెదకాకాని,
శుక్రవారం

రామకాంత్,

ఫోన్ చేస్తే మాటలతో పడేస్తావని రాస్తున్నాను. ఆదివారం గుంటూరు బస్టాండుకి బాండు తెమ్మన్నావు. నేను రావడం లేదు. చైతన్యకృష్ణ పండించిన మిరపకాయలన్నీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. వాటి బాండు మీద సంతకం పెట్టి నిన్న నా చేతికే ఇచ్చాడు. ఆ కాగితం చూపిస్తే సరుకంతా మనదే. నువ్వు ఎగుమతి వ్యాపారివని, నేను మొగుడు పోయిన నీ చెల్లెల్నని, పెళ్లి కుదిరితే సరుకు నువ్వే మంచి ధరకి అమ్మిపెడతావని చెప్పిన కథంతా నమ్మాడనుకున్నాం కదా!

మిరప రైతుబిడ్డనని గొప్పలు పోయి, వాళ్ల కళ్లంలో ఆడవాళ్లతో కూర్చుని తొడిమలు తుంచాను. ముందు చేతులకి నూనె పట్టించాలని నాకేం తెలుసు? సాయంత్రానికి అరచేతులు భగ్గుమన్నాయి. ఆయనే నూనె గిన్నె తెచ్చిపెట్టాడు. ఎంతమందినో బోల్తా కొట్టించినదాన్ని, నూనె చుక్క దగ్గర దొరికిపోయాను. బాండు ఇచ్చినప్పుడు, నా మీద అనుమానం రాలేదా అని అడిగాను.

"రైతుబిడ్డవి కాదని ఆ రోజే తెలుసు. నీ అంతట నువ్వే చెప్తావని చూస్తన్నా" అన్నాడు.

మరి సంతకం ఎందుకు పెట్టారన్నాను.

"పంట పోతే మళ్లీ ఏసుకుంటా. నువ్వు పోతే ఏం చేసేది?"

ఇన్ని ఊళ్లు తిరిగాం, నాతో ఆ మాట అన్నవాడు ఒక్కడు లేడు. నువ్వసలే అనలేదు. బాండు తిరిగి ఇచ్చేసి జరిగిందంతా చెప్పేశాను. ఆయనంటే నాకు ప్రేమ. ఇక్కడే ఉంటాను. నువ్వు ఈ ఊరి ఛాయలకి రాకు.

అఖిల


గుంటూరు,
గురువారం

చైతన్యకృష్ణ గారికి ప్రేమతో,

మీరు పొలానికి వెళ్లాక చెప్పకుండా వచ్చేశాను. కోపమొచ్చినా చివరిదాకా చదవండి.

కొత్తపట్నంలో రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన దొరికాడని, చెల్లెలి వేషానికి ఇంకో పిల్ల కుదిరిందని రామకాంత్ నవ్వుతూ ఫోన్ చేశాడు కదా. మీతో చెబితే, ఊళ్లో గొడవలు మనకెందుకు, నువ్వు నా దగ్గరుంటే చాలన్నారు. కరిగిపోయాను. కానీ నోరు మూసుకుని మీ ఇంట్లో కూర్చుంటే ఆ మోసంలోనూ నాకు వాటా ఉన్నట్టే. అలాంటి కాపురం నాకొద్దు.

పోలీస్ స్టేషన్ ఎదురుగా టీకొట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికెళ్లి వాడి సంగతీ నా సంగతీ దాచకుండా చెబుతాను. జైలుకి పంపితే పోతాను. మిమ్మల్ని రమ్మని అడగను, వస్తే వద్దనను. వస్తే మాత్రం అఖిల ఎక్కడని అడగకండి. అది వాడు పెట్టిన పేరు. అన్నీ చెప్పాను గానీ, మా అమ్మ పెట్టిన పేరు చెప్పడానికి మీ దగ్గర కూడా నోరు రాలేదు. ఇవాళ స్టేషన్లో ఆ పేరే రాయిస్తాను. వాళ్లకంటే ముందు మీకు తెలియాలి.

మీ
రాజ్యం