పలక పగిలిన వాక్యంలో కర్త

టాబియా, ఫిజీ దీవులు
ఆదివారం

లక్ష్మీసమానురాలైన అక్కయ్య పాదాలకు, పరీక్ష తప్పి ఓడ మాత్రం తప్పకుండా అందుకున్న నీ తమ్ముడు సూరి నమస్కరించి వ్రాయునది.

నేను క్షేమం. నువ్వు, బావగారు, పిల్లలు, చూడి ఆవు అంతా కులాసా అని తలుస్తాను. ఆవు ఈనిందో లేదో రాయి. ఇక్కడ అన్నం, పప్పు దొరుకుతాయి. గోంగూర లేదు. గింజలు కాసిని కాగితంలో మడిచి పంపు. నేను క్షేమం. రెండోసారి రాశానని అనుమానపడకు.

వారమంతా చెరకు నరుకుతాను. చెరక్కి నా ఇంగ్లీషుతో పని లేదు. ఆదివారం మాత్రం మా లైను పిల్లలకు నేను మహాపండితుణ్ణి. లైనంటే మేముండే గదుల వరుస. ఇప్పుడు చెరకు పూసింది. గుమ్మంలో కూర్చుంటే కొండదాకా తెల్లటి పూత ఊగుతూ ఉంటుంది. చూస్తూ చూస్తూ ఉంటే నేలమీద ఉన్నానో, ఇంకా ఓడలోనే ఉన్నానో తెలియదు. పాఠం మధ్యలో పిల్లలు ఆవలిస్తారు. పండితుడూ ఆవలిస్తాడు.

పోయిన ఆదివారం "రాముడు చెరకును నరికెను" అని పలకమీద రాశాను. మా బడికంతకీ పలక అదొక్కటే. రాముడు కర్త, చెరకు కర్మ, నరకడం క్రియ అని గంభీరంగా సెలవిచ్చాను.

"రాముడిది ఏ లైను, మాస్టర్‌జీ?" అంది ఏడేళ్ళ చిట్టెమ్మ.

వాళ్ళమ్మ పోలమ్మ పొయ్యి ఊదుతూ, "కర్మ సంగతి మాకు తెలుసు గానీ బాబూ, ఆ మిగతా రెండూ సరిగ్గా చెప్పు" అంది.

మంచినీళ్ళు తాగి వచ్చేసరికి పలక రెండు ముక్కలు.

"ఏమైందే చిట్టెమ్మా?"

"టూట్ గయిస్, మాస్టర్‌జీ. పలక పగిలింది."

"కర్త ఎవరు?"

"పలకే!"

వ్యాకరణం ప్రకారం నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. పండితుడు ముక్కలు రెండూ ఏరుకున్నాడు.

ఈ ఉదయం ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. చెరకు పూతవైపే చూస్తూ, "పలక పగల్లేదు. నేనే పగలగొట్టేసినాను. ఇప్పుడు కర్త నేనా?" అంది.

"నువ్వే."

"కొడతావా?"

"కర్తను కొట్టే అధికారం వ్యాకరణంలో లేదే" అన్నాను. నవ్వుకుంటూ పరుగెత్తింది. నాకు నవ్వు రాలేదు.

నా మొదటి ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "పరీక్ష తప్పానని బావగారు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నారు." అది చదివి ఆయనతో మాట మానేశానని, అన్నం వడ్డించి అటు తిరుగుతున్నానని రాశావు. ఆయన బదులుగా ఒక్కమాటా అనడం లేదనీ రాశావు.

అక్కా, ఆ వాక్యంలో కర్త తప్పు. ఆయన పొమ్మనలేదు. "మళ్ళీ చదువు, నేనున్నాను" అన్నారు. ఆ మాట విన్నాక ఆయనకు మొహం చూపించలేక, ఎవరికీ చెప్పకుండా నేనే వచ్చేశాను. ఓడ కాగితంమీద సంతకం నేనే పెట్టాను. అదీ ఇంగ్లీషులో, వంకీలతో.

ఉత్తరం అందిన పూట వడ్డించి ఇటు తిరుగు. మాట పెగలకపోతే ఇది పైకి చదువు.

పెద్దలందరికీ నమస్కారాలు. బావగారి పాదాలకు విడిగా ఇంకొకటి. ఆయన ఆశీర్వదిస్తే ఆ ముక్క ఆయన చేతనే రాయించు. గోంగూర గింజలు మరవకు.

ఇట్లు,
ఓడ ఎక్కిన కర్త,
సూరి